గోదావరి డెల్టాలో పెరటి కూరగాయలు: వానలు పడేసరికి మొక్కలు నిలవడం లేదు, ఏం చేయాలి?

కోనసీమ పెరడు (అమలాపురం దగ్గరి పల్లె)

అందరికీ నమస్కారం. మా వారు ఉద్యోగ విరమణ చేశాక హైదరాబాదు నుంచి వచ్చి అమలాపురం దగ్గర మా అత్తగారి ఊళ్ళో స్థిరపడ్డాము. ఇల్లు కట్టుకున్న స్థలం ఒకప్పుడు వరిచేను. ఇంటి మేరకు రోడ్డు ఎత్తుకు మెరక చేయించి, వెనుకనున్న అయిదు సెంట్లను కూరగాయల కోసమని చేను మట్టంలోనే ఉంచాము. తూర్పు వైపు మూడు కొబ్బరి చెట్లు ఉన్నాయి. మిగిలిన చోటంతా మధ్యాహ్నం వరకు మంచి ఎండ పడుతుంది.

చలికాలంలో వేసినవన్నీ చూడముచ్చటగా కాశాయి. వంకాయలు, టమాటాలు, కొత్తిమీర, పాలకూర ఇంట్లోకి సరిపోగా పక్కింటివారికీ పంచిపెట్టాము. మంచు తడి ఆరని తోటకూరను కోసి పది నిమిషాలలో పొయ్యి మీదికి ఎక్కిస్తే ఆ కూరకు ఉండే రుచి ఇన్నేళ్ళ పట్నవాసంలో నాకు దొరకలేదు. మా అత్తగారికి ఎనభై దాటాయి. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఏ మొక్కకు ఏం వచ్చిందో చూసి వచ్చి చెప్పడం ఆవిడకు ఇప్పుడు ఇష్టమైన పని. అందుకే ఈ తోటను వదులుకోవాలని నాకు లేదు.

కష్టం వేసవితో మొదలైంది. కాలువలకు నీరు ఆపేశాక బోరు నీరే ఆధారం. ఆ నీరు నోట్లో పోసుకుంటే కొంచెం ఉప్పగా తగులుతుంది. ఆకుకూరల మడుల మీద తెల్లని పొర తేలి, మెంతికూర మొలకలు అంచులు మాడి పోయాయి. తరువాత ఆషాఢం వానలకు నీరు నిలిచింది. టమాటా, మిరప మొక్కలు ఆకు పసుపుబారకుండానే, పచ్చగా ఉండగానే, ఒక మధ్యాహ్నం వాలిపోయి మళ్ళీ తలెత్తలేదు. వంగ మొవ్వులు వాలుతున్నాయి, మిరపలో మిగిలిన మొక్కలకు ఆకులు ముడుచుకుంటున్నాయి. ఇప్పుడు శ్రావణంలో పందిరి మీద ఆనప, చిక్కుడు మాత్రం పచ్చగా ఉన్నాయి.

ఈ నేలలో నీటి ఎద్దడి అంటే ఏమిటో తెలియదని, ఇక్కడ ఏది పెట్టినా పండుతుందని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. మరి మొక్కలు ఎందుకు చనిపోతున్నాయి? వానాకాలంలో ఈ మట్టిలో కూరగాయలు నిలబెట్టే దారి ఉందా? ఉప్పు నీటితో వేసవి గడిపేదెలా? సంతలో దొరికే వాటికి ఇంత శ్రమ దేనికని ఊళ్ళో అడిగేవారికి చెప్పదగిన సమాధానం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా వినాలని ఉంది.

విశ్రాంత ఉద్యాన ఉద్యోగి (తణుకు)

అమ్మా, నమస్కారం. మీ కష్టానికి మూలం మీరు మొదట్లోనే రాశారు: ఆ స్థలం ఒకప్పుడు వరిచేను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి తరతరాలుగా ఈ డెల్టా చేలను ఏటా దమ్ము చేస్తున్నారు. దమ్ము చేయడమంటే నీరు కిందికి ఇంకిపోకుండా మట్టిని బురదగా కలిపి నిలబెట్టడమే. అలా చేయగా చేయగా జానెడు లోతున ఒక గట్టి పొర ఏర్పడుతుంది. వరికి అది మేలు, కూరగాయలకు ప్రాణాంతకం. టమాటా, మిరప, వంగ వేర్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. గట్టి పొర మీద నిలిచిన నీటిలో ఒకటి రెండు రోజులు ఉంటే వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. మన డెల్టాలో పెరటి సేద్యమంటే నీరు తేవడం కాదు, నీటిని పంపించడం. అది కుదిరితే ఈ నేల గురించి మీరు చిన్నప్పుడు విన్నదంతా నిజమే అవుతుంది.

పరీక్షించి చూసుకోండి. వానలు రెండు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు మూరెడు లోతు గొయ్యి తీసి, బకెట్టు నీరు పోయండి. పూట గడిచినా నీరు అలాగే ఉంటే గట్టి పొర ఉన్నట్లే. దాన్ని పగలగొట్టవలసినది వేసవిలో, నేల పూర్తిగా ఎండినప్పుడు, గునపంతో. అప్పుడు అది బెడ్డలుగా లేచి, తొలకరికి తనంతట తానే గుల్లబారుతుంది. తడి బంకమట్టిని తవ్వితే లాభం లేకపోగా ఇంకా బిగుసుకుంటుంది, కనుక ఈ వానలలో ఆ పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు చేయగలిగినది ఎత్తుమడులు కట్టుకోవడం. వెడల్పు నాలుగు అడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చేయి మధ్యకు అందాలి, మడిలో కాలు పెట్టే అవసరం రాకూడదు. ఎత్తు అడుగు నుంచి అడుగున్నర. అంచులకు పడిపోయిన కొబ్బరి మొద్దులు పెట్టుకోవచ్చు. మడుల మధ్య దారులనే కాలువలుగా వాలు చేసి, వాటన్నిటినీ ఒక మూలకు కలిపి, అక్కడి నుంచి వీధి మురుగులోకి దారి ఇవ్వండి. ఈ చివరి దారి లేకపోతే మడి ఎంత ఎత్తు కట్టినా పెద్ద వానకు అడుగున నీరు ఊరుతూనే ఉంటుంది. చాలా ఇళ్ళలో మడులు బాగుంటాయి, నీరు బయటికి పోయే దారి మాత్రం ఉండదు. ప్రహరీ గోడ కట్టేటప్పుడు ఒక తూము వదలాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మీ గోడకు తూము ఉందో లేదో ముందు చూడండి.

మడి నింపడానికి లంక మట్టి (గోదావరి లంకల ఒండ్రు) గాని బుసక (ఇసుక పాలున్న తేలిక మట్టి) గాని దొరికితే దానికి మాగిన పశువుల గత్తం, కొబ్బరి పొట్టు కలపండి. బంకమట్టిలో నాలుగు గంపల ఇసుక పోసి గుల్లబారుతుందని ఆశపడవద్దు. గుల్ల చేసేది గత్తం, కుళ్ళిన ఆకు, ఊక వంటివే. కొబ్బరి పొట్టు మీ కోనసీమలో చవకగా దొరుకుతుంది గాని, పీచు యూనిట్ల నుంచి నేరుగా తెచ్చినదానిలో ఉప్పు, వగరు ఉంటాయి. మంచినీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి, రంగు తేలికపడే వరకు మళ్ళీ మళ్ళీ కడిగాకే వాడాలి. కోళ్ళ ఎరువు పచ్చిది వేస్తే వేర్లు మాడతాయి; కుప్పవేసి తడిపి కొన్ని నెలలు మాగనివ్వాలి.

ఇక పచ్చగా ఉండగానే వాలిపోయిన మొక్కల సంగతి. అది వట్టి నీటి ఉరకే కాకపోవచ్చు. ఈసారి అలా వాలిన టమాటా మొక్కను పీకి, మొదలు దగ్గర కాండాన్ని జానెడు ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీరు పోసి, కోసిన చివర నీటిలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాలలో ఆ చివర నుంచి పాలవంటి తెల్లని ద్రవం దారంలా కిందికి జారితే అది బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు. మందు చల్లితే పోయేది కాదు. ఆ సూక్ష్మజీవి తడి, వేడి ఉన్న మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం కనుక వాటన్నిటినీ పట్టుకుంటుంది. పరీక్ష చేసి చెప్పండి, తరువాత మాట్లాడుకుందాము.

కాలం మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మీరు ఆషాఢంలో టమాటాను కాపాడుకోవాలని చూస్తున్నారు. ఆ కాలం టమాటాది కాదు. రాత్రిళ్ళు కూడా ఉక్కపోసే రోజులలో దానికి పూత నిలవదు. మృగశిర కార్తె వానలతో బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, పందిరి మీదికి బీర, పొట్ల, కాకర, ఆనప వేసుకోవాలి. తడి ఉండే మూలలో చేమ హాయిగా పెరుగుతుంది. టమాటా, మిరప, వంగ, క్యాబేజీ నారు దసరా రోజులలో పోసి, ట్రేలను చూరు కిందే ఉంచుకుని, దీపావళి దాటాక వాతావరణం చూసి నాటుకోవాలి. కోనసీమను ముంచిన 1996 తుఫాను వచ్చినది నవంబరు 6న; అక్టోబరు, నవంబరు నెలలలో బయట నాటిన లేత నారుకు ఈ తీరంలో భరోసా ఉండదు. చూరు కింద ట్రేలో ఉన్న నారును ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

వశిష్ఠ తీరం (నరసాపురం)

తణుకు వారు చెప్పినదంతా నిజమే. ఉప్పు సంగతి వారు విడిచిపెట్టారు కనుక నేను రాస్తున్నాను. మా ఊరు సముద్రానికి దగ్గర. చుట్టూ రొయ్యల చెరువులు. మాకు ఈ బాధ కొత్త కాదు.

ముందుగా, మీ మడి మీది తెల్ల పొర చూసి ఎవరైనా జిప్సం వేయమంటే తొందరపడవద్దండి. చౌడు రెండు రకాలు. పైన తెల్లగా పొర కట్టేది పాల చౌడు. అందులో ఉన్నది నీటిలో కరిగే ఉప్పు, కాబట్టి మంచినీటితో కడిగితే కిందికి దిగిపోతుంది. నల్లగా మారి, తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా ఉండేది కారు చౌడు. జిప్సం పనిచేసేది దాని మీద. రెండూ కలిసి ఉండే నేలలూ ఉన్నాయి. భూసార పరీక్షలో ఉదజని సూచిక (పి.హెచ్), లవణ సాంద్రత (ఇ.సి) రెండూ చెబుతారు. సూచిక 8.5 దాటితే కారు చౌడు వైపు, లవణ సాంద్రత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే పాల చౌడు వైపు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఉప్పు నీటితో పైపైన రోజూ చిలకరించడం కంటే చెడ్డ పద్ధతి లేదు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ప్రతి తడికీ ఇంకొంచెం చేరుతుంది. తప్పనిసరై ఆ నీరే పెట్టవలసివస్తే రెండు మూడు రోజులకు ఒకసారి, మడి అడుగుకు దిగేలా నిండుగా పెట్టండి. ఆకుల మీద పడనివ్వకండి, మొదట్లో పోయండి, సాయంత్రం పూట పోయండి. మడి పైన ఎండుగడ్డి గాని, ముక్కలు చేసిన కొబ్బరి ఆకు గాని దట్టంగా పరిస్తే ఆవిరి తగ్గుతుంది, పొర కట్టడమూ తగ్గుతుంది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. బోదెలు తోలి, బోదె నెత్తి మీద మొక్క నాటడం మనకు అలవాటు. ఉప్పు నీరు రెండు వైపుల కాలువల నుంచి పైకి పాకి, నెత్తి మీదే ఆరుతుంది కనుక బోదెలో ఉప్పంతా సరిగ్గా అక్కడే చేరుతుంది. మొక్కను బోదె పక్క వాలులో, సగం ఎత్తున నాటండి. ఒకే నీరు, ఒకే మట్టి, ఆ జానెడు దూరానికి మొక్క బతుకుతుంది.

ఏ పంట వేయాలన్నదీ ముఖ్యమే. చిక్కుడు జాతి మొక్కలు, ఉల్లి, క్యారెట్ ఉప్పును అసలు ఓర్చుకోలేవు. పాలకూర, బీట్‌రూట్ బాగా ఓర్చుకుంటాయి. మీ మెంతికూర మాడిపోయిందన్నారు. అది మొలక దశలో మరీ సున్నితం. అయినా నా అభిప్రాయం అడిగితే, కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాలు మడులలో సగానికి పైగా ఖాళీగా ఉంచడమే మేలు. ఇంటి కప్పు మీద పడిన వాన నీటిని ఒక సంపులోకి మళ్ళించి దాచుకుంటే కరివేపాకుకు, పచ్చిమిర్చికి, ఒకటి రెండు ఆకుకూరల మడులకు సరిపోతుంది. తొలకరికి ఖాళీ మడులలో జీలుగ చల్లండి. జీలుగ ఉప్పునూ ఓర్చుకుంటుంది, నీటి ముంపునూ ఓర్చుకుంటుంది. పూత కనిపించగానే, అంటే సుమారు 45 రోజులకు, కోసి మట్టిలో కలిపేస్తే నేలకు అంతకంటే మంచి తిండి లేదు. ఈలోగా వానలు ఉప్పును కడిగేస్తాయి. తణుకు వారు చెప్పిన తూము ఉంటేనే ఆ కడిగిన ఉప్పు బయటికి పోతుందని మరువకండి.

మేడ మీద తోట (రాజమహేంద్రవరం)

సంతలో దొరికేదానికి శ్రమ ఎందుకన్న ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెబుతాను. మొదటి ఏడాది మడులకు, మట్టికి, పందిరికి పెట్టిన ఖర్చు కూరగాయలలో తిరిగి రాదు. డబ్బు ఆదా కోసమే అయితే ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ జోలికి వెళ్ళనే కూడదు. అవి దూరం నుంచి వచ్చినా చెడవు, బజారులో చవక. పెరట్లో పండించవలసినవి కోసిన గంటల్లోనే రుచి పోయేవి: ఆకుకూరలు, లేత బెండ, లేత బీర, కరివేపాకు, కొత్తిమీర. వాటి విషయంలో ఏ సంతా మీ పెరటికి సాటి రాదు. పైగా వాటి మీద ఏ మందు ఎప్పుడు కొట్టారో మీకు తెలుసు. వారం వారం మందు కొట్టిన కరివేపాకును రోజూ తాలింపులో వేసుకునే బదులు, మన చెట్టు ఆకు దూసుకోవడం ఒక్కటే చాలదా అని నేను అడిగేవారిని అడుగుతాను.

వంగ మొవ్వులు వాలడం వేరు జబ్బు కాదు, కొమ్మ, కాయ తొలిచే పురుగు. పొద్దున్నే చూస్తే మిగతా మొక్కంతా నిక్కబొడుచుకుని ఉండగా ఒక్క మొవ్వు మాత్రం తల వేలాడేసి ఉంటుంది. వాలిన చోటికి రెండు అంగుళాలు కిందికి తుంచి, గోటితో నిలువుగా చీల్చి చూడండి. లోపల గొట్టంలో లేత గులాబీ రంగు పురుగు, దాని వెనుక నల్లని రవ్వల మలం కనిపిస్తాయి. అలా ప్రతి ఉదయం తుంచి సబ్బు నీళ్ళలో వేస్తూ ఉంటే కాయల దాకా రాదు. తుంచిన మొవ్వును చెట్టు కిందే పడేస్తే అది మట్టిలో గూడు కట్టుకుని మళ్ళీ వస్తుంది. మీ పెరటి వంటి చిన్న తోటలో ఈ ఏరివేత కంటే గొప్ప మందు లేదు.

మిరప ఆకు ఎటు ముడుచుకుందో చూడండి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగులు, అంచులు కిందికి వంగితే నల్లి. రెండింటికీ తొలి దశలో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొంచెం సబ్బు ద్రావణం వేసి, సాయంత్రం పూట ఆకుల అడుగు భాగం తడిసేలా కొడితే తగ్గుతుంది. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

నారు కోసం మా దగ్గరి కడియం నర్సరీలకు వస్తే పొడవుగా ఎదిగి పూత పట్టిన మొక్కలను ఎంచుకోకండి. చూడడానికి అవే ముందు కాస్తాయనిపిస్తుంది గాని, పొట్టిగా, కాండం లావుగా, పూత లేకుండా ఉన్న మొక్క త్వరగా పాతుకుంటుంది.

కోనసీమ పెరడు (అమలాపురం దగ్గరి పల్లె)

అందరికీ కృతజ్ఞతలు. గోడకు తూము లేదు; తాపీ మేస్త్రీని పిలిపించాము, రేపు పెడతారు. గ్లాసు పరీక్ష చేశాను. మిగిలిన రెండు టమాటాలలో ఒకటి నిన్న వాలింది. దాని కాండం నీటిలో పెట్టిన కాసేపటికే సన్నని తెల్లని దారం కిందికి దిగింది. మా అత్తగారు కూడా పక్కన కూర్చుని చూశారు. కాబట్టి అది ఎండు తెగులే. ఇక ఆ మడిలో ఏం వేయాలి?

మరొక రెండు సందేహాలు. ఆనపపాదుకు పిందెలు వేలెడు పొడవు రాగానే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. చిక్కుడు తీగ పందిరంతా అల్లుకుంది గాని ఒక్క పూరెమ్మ కూడా లేదు. ఎరువు చాలదేమోనని మా వారు యూరియా వేద్దామంటున్నారు.

ముమ్మిడివరం అమ్మమ్మ

అమ్మాయీ, యూరియా వేయనివ్వకు. చిక్కుడుకు ఇప్పుడు పూత రాదు, రాకూడదు కూడా. మన పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితే గాని పూయదు. జ్యేష్ఠంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా అది కార్తికం దాకా తీగ సాగుతూనే ఉంటుంది. చలి మొదలయ్యాక గుత్తులు గుత్తులుగా పూసి సంక్రాంతికి విరగకాస్తుంది. యూరియా వేస్తే ఆకు దట్టమై, ఆ ఆకు నీడలో తేమ నిలిచి తెగుళ్ళు వస్తాయి, పూత ఇంకా వెనక్కి పోతుంది. సంవత్సరం పొడుగునా కాసే పొట్టి రకాలు వేరే ఉన్నాయి గాని, రుచి కావాలంటే పందిరి చిక్కుడే. పూత వచ్చే వేళకు చలిలో నల్లని పేనుబంక రెమ్మ నిండా పట్టుకుంటుంది. దాన్ని వేళ్ళతో నలిపేసి, ఎండ రాకముందే నీళ్ళు గట్టిగా చిమ్మి కడిగేయి. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం చేసి, పరమాన్నం చిక్కుడు ఆకులలో నైవేద్యం పెట్టడం మన ఆచారం కదా. ఆ రోజుకు కొనకుండా పెరట్లోవే కోసుకోవాలని మీ అత్తగారు తప్పక అనుకుంటూ ఉంటారు, అడిగి చూడు.

ఆనప సంగతి వేరు. పాదుకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. వట్టి కాడ మీద పూసేది మగపువ్వు. పువ్వు వెనుక చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు చేరకపోతే ఆ పిందె వేలెడు ఎదిగి పండిపోయి రాలుతుంది. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వాన పడుతూ ఉంటే ఆ వేళకు పురుగులు తిరగవు. కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి గనుక వాటిని పొద్దున్నే చూసుకోవాలి. నువ్వు దీపాల వేళకు పెరట్లోకి వెళ్ళి, అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో తుంచి, తెల్లని రేకులను వెనక్కి మడిచి, మధ్యలో పసుపు పొడి ఉన్న బొడిపెను ఆడపువ్వు నడుమ ఉన్న బొడిపెకు మెల్లగా రుద్దు. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. రెండు రోజులకు పిందె మెడ వంచి కిందికి తిరిగిందంటే నిలబడినట్లే.

అలా చేశాక కూడా పిందె మీద సూదితో గుచ్చినట్లు చుక్క, దాని నుంచి జిగురు బొట్టు కనిపిస్తే అది పండు ఈగ పని. ఆ కాయను కోసి చూస్తే లోపల తెల్లని పురుగులు కదులుతాయి. అటువంటి కాయలను కుప్పలో వేయకుండా లోతుగా పాతిపెట్టాలి, లేదా సంచిలో బిగించి ఎండలో పడేయాలి. నిలబడిన ప్రతి పిందెకూ పలుచని పాత చీర ముక్కతో సంచి తొడిగితే ఈగ వాలదు. మందుల కొట్టులో ఎర బుట్ట అడిగితే మామిడికి వాడేది ఇస్తారు. అది తీగ కూరగాయల ఈగకు పనిచేయదు, దీనికి క్యూ లూర్ అనే ఎర వేరుగా ఉంటుంది.

కొబ్బరి చెట్ల నీడ ఊరికే వదిలేయకు. ఎత్తు చేసి నీరు నిలవకుండా చూసుకుంటే ఆ నీడలో కంద చక్కగా ఊరుతుంది, పక్కనే కంచెకు బచ్చలి పాకించవచ్చు. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకం కందకు దురద ఉండదు. వేసవిలో వానల ముందు పాతితే ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వుకోవచ్చు. మన గడ్డ మీద పుట్టినవారికి కంద బచ్చలి కూర ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆవ పెట్టి చేసిన ఆ కూరకు కావలసిన కంద, బచ్చలి, పచ్చిమిర్చి, కరివేపాకు నాలుగూ ఒకే పెరటి నుంచి వచ్చిన రోజు ఎంత సంతోషంగా ఉంటుందో మాత్రం నువ్వే చూస్తావు.

ఇంకొక మాట. ఒక పాదు కాయడం మొదలుపెడితే ఒక ఇంటికి ఎక్కువే. ముదిరే దాకా పాదు మీదే ఉంచకు. ముదిరిన కాయ ఉన్న కొద్దీ పాదు కొత్త పిందె వేయడం తగ్గించేస్తుంది. లేతగా ఉండగానే కోసి, మీ ఇంటికి ఒకటి, గోడ అవతలికి ఒకటి. నేను ఈ ఊరు కాపురానికి వచ్చిన కొత్తలో నాకు తెలిసిన ముఖాలన్నీ అలా కాయలు ఇచ్చిపుచ్చుకుంటూ తెలిసినవే. విత్తనానికి మాత్రం అన్నిటికంటే ముందు కాసిన మంచి కాయనొకదాన్ని ఎంచి, గుర్తుకు గుడ్డ పీలిక కట్టి, పాదు మీదే ఎండనివ్వు. అంగడి హైబ్రిడ్ అయితే ఆ విత్తనం అదే కాయ ఇవ్వదు; మీ ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా నాటు ఆనప విత్తనం అడిగి తెచ్చుకో.

విశ్రాంత ఉద్యాన ఉద్యోగి (తణుకు)

అమ్మా, గ్లాసు పరీక్ష అంత స్పష్టంగా వచ్చింది కాబట్టి ఆ మడిలో కనీసం మూడేళ్ళు టమాటా, వంగ, మిరప వేయవద్దు. బెండ, ఆకుకూరలు, మొక్కజొన్న, పందిరి తీగలు మార్చి మార్చి వేసుకోండి. వాలిన మొక్కలను వేరుతో సహా పీకి కాల్చేయండి, ఎరువు కుప్పలో వేయవద్దు. ఆ మడిలో వాడిన పారను, గునపాన్ని కడిగి ఎండబెట్టకుండా వేరే మడిలో దించవద్దు. ఆ మడి నీరు మిగతా మడుల మీదుగా పారకుండా దాని కాలువను వేరుగా తీయండి. దీపావళి తరువాత టమాటాలను కొత్త మట్టి నింపిన సంచులలో, సిమెంటు గచ్చు మీద పెట్టి పెంచుకోండి. సంచి అడుగున రంధ్రాలు తప్పనిసరి.

నరసాపురం వారు చెప్పిన భూసార పరీక్ష వెంటనే కాక, వానలు వెనకబట్టి నేల ఆరాక చేయించండి. గత్తం వేసిన కుప్పల దగ్గర, గట్ల మీద, చెట్ల మొదళ్ళలో మట్టి తీయకూడదు. పెరట్లో ఎనిమిది పది చోట్ల పైచెత్త తొలగించి, జానెడు లోతున ఆంగ్ల అక్షరం వి ఆకారంలో గొయ్యి తీసి, పక్క గోడ నుంచి పై నుంచి కిందికి సమానంగా చెక్కి తీయాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేస్తూ చివరికి అరకిలో మిగుల్చుకుని, నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో పంపండి. బోరు నీరు కూడా ఒక శుభ్రమైన సీసాలో, మోటారు కాసేపు వదిలాక పట్టి, దానితో పాటే ఇవ్వండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో నమూనాలు ఎక్కడికి పంపాలో చెబుతారు. ఫలితం వచ్చాక ఇక్కడ పెట్టండి, ఏ మడికి ఏమి కావాలో కలిసి చూద్దాము.